ఓడకు జమానత్ ఇవ్వడానికి వచ్చినామె

ఆమె పోయిందన్న కబురు నాకు మొదట తెచ్చింది మరైగూడ జీపు ముత్తయ్య. నిజానికి అతను నోరు తెరవకముందే జీపు చెప్పేసింది. జీపు పైన, మూటల మధ్య, ఒక అల్యూమినియం గుండిగ బోర్లించి తాళ్లతో కట్టి ఉంది. అడుగంతా మసి, ఒక పక్క సొట్ట. ఆ సొట్ట నాకు బాగా తెలుసు. ఆ గుండిగను ఆమె నెత్తిమీద గాని, ఆమె పొయ్యి మీద గాని తప్ప ఇంకొక చోట నేను చూడలేదు.

ముత్తయ్య తాళ్లు విప్పుతూ నా ముఖం చూడకుండానే అన్నాడు.

"నిన్న పొద్దుగాల అమ్మా. జొరం. దవాఖానకు పోదాం రమ్మంటే, బండ్లు ఆగినయా, రోడ్డు మునిగిందా అని అడిగిందంట. గుండిగ సావుకారమ్మకే, నీకే ఇయ్యాలె అని ముందుగాలనే చెప్పి పెట్టింది. నాకు కిరాయి ఇయ్యొద్దని గూడ చెప్పిందంట, సూడు!"

చివరి మాటకు నవ్వబోయి నవ్వలేకపోయాడు. నేను గుండిగను రెండు చేతులా దించుకొని తులసికోట పక్కన పెట్టాను.

రోజూ సాయంత్రం దీపం పెట్టాక, భగవంతుడు నా బతుకులోకి పంపిన మనుషులను ఒక్కొక్కరిగా తలచుకొని దండం పెట్టుకోవడం నాకు అలవాటు. అక్షరాలు నేర్పిన మా నాన్న దగ్గర మొదలవుతుంది ఆ వరస. నేను బడికి పోలేదు. వంటింటి గచ్చు మీద బొగ్గుముక్కతో ఆయనే దిద్దించారు. ఆ వరసలో ఆమె ఎన్నో ఏళ్లుగా ఉంది. ఆమె పేరు మాత్రం ఇక్కడ రాయను. తన పేరు కాగితం మీద పడడం ఆమెకు గిట్టేది కాదు. "కాగితంల పేరు పడ్డదంటే ఏదో ఒక కచేరీకి పోవుడే చెల్లె," అనేది. అడవికీ పోలీసులకూ నడుమ బతికే మనుషులకు ఆ భయం ఎందుకో మా వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు.

శబరి ఒడ్డున మా ఊరు కోంటాలో, మా కిరాణా దుకాణంలో ఒక మూల అప్పట్లో టెలిఫోన్ బూత్ ఉండేది. అద్దం తలుపు, లోపల మనిషి నిలబడేంత చోటు, బయట ఒక బల్ల. బూత్ చూసుకునే పని మామయ్య, మా ఆయన తండ్రి, నాకు అప్పగించారు. ఆమె సంత రోజున చింతపండో ఇప్పపువ్వో అమ్ముకొని, మిగిలిన పొద్దంతా మొగుడి ఫోను కోసం ఆ బల్ల మీద కూర్చునేది. వీపు గోడకు ఆనించేది కాదు. ఫోను మోగితే ముందు కొంగు నెత్తిమీదికి లాక్కునేది. అవతల మొగుడితో పాటు అత్తామామలు కూడా ఉన్నారేమో అన్నట్టు. రిసీవరును రెండు చేతులతో, ప్రసాదం అందుకున్నట్టు అందుకునేది. మాట్లాడడం మాత్రం పెద్ద గొంతుతో. ఆమెకు ఫోను దండగ, ఊరికే నిలబడి మాట్లాడినా విశాఖలో వినపడుతుందని మామయ్య అనేవారు.

భర్త ఓడలో వంటవాడు. మరైగూడ అవతల పల్లెలో సేద్యం చేసుకునే ఇంటి మనిషి ఓడ దాకా ఎలా వెళ్లాడంటే, అన్నం వండుకుంటూ వెళ్లాడు. మొదట కిరందుల్ గనుల దగ్గర ఒక క్యాంటీనులో వండాడు. ఖనిజం మోసే రైలు వెంట విశాఖకు పోయి రేవు దగ్గర హోటల్లో వండాడు. అక్కడి నుంచి ఓడలో భండారీగా కుదిరాడు. ఓడలో వంటవాడిని అలా పిలుస్తారట. "మన బైలడిల్ల గుట్టల ఇనుప మన్నే ఈ ఓడల పోతది, ఆ మన్ను వెనక మా ఆయన పోయిండు," అని ఆమె గొప్పగా చెప్పేది.

ఒక సంత రోజున ఫోను పెట్టేసి బయటికి వచ్చి నిలబడిపోయింది. నేను ఏమైందక్కా అన్నాను.

"ఓడను అరెస్టు చేసిన్రంట."

పక్కన ఉప్పు కొంటున్నవాళ్లు, బీడీలు కొంటున్నవాళ్లు అందరూ ఇటు తిరిగారు. మా వైపు ఆ మాట వినపడితే ఎవరైనా తిరుగుతారు.

"మనిషిని చేసిన్రా, ఓడనా?" అని ఉప్పు కొంటున్నామె అడిగింది.

"ఓడనే అంటుండు. మనుషులను గాదంట."

"ఓడకు బేడీలు యాడ ఏసిన్రే వదినె, ముక్కుకా తోకకా?" అన్నాడు ఒకడు. అందరూ నవ్వారు. ఇంకొక ముసలాయన నవ్వలేదు. "పిచ్చిదానా, వాన్నే పట్టుకున్నరు. నువ్వు బెంగటిల్లుతవని ఓడ మీద పెట్టి చెప్తుండు," అన్నాడు. ఆ మాటే ఆమెను పట్టుకుంది.

తరువాతి ఫోనుకల్లా ఓడ సంగతి కొంచెం తెలిసింది. ఓడ యజమాని ఎక్కడో పరాయి దేశంలో ఉన్నాడు. ఓడ నడవడానికి పోయించుకున్న నూనెకు డబ్బు కట్టలేదు. నూనె అమ్మినవాళ్లు పెద్ద కోర్టుకు పోయారు. కోర్టు మనిషి పడవలో వచ్చి, ఓడ నడిపే గది అద్దానికి ఒక కాగితం అంటించి వెళ్లిపోయాడు. ఇక అది కదలడానికి లేదు. రేవు బయట లంగరు వేసుకొని నిలబడింది. యజమాని ఫోను ఎత్తడం మానేశాడు. ఉన్న కాస్త నూనె అయిపోవచ్చింది గనుక ఇంజన్లు ఆపేసి, పొద్దుగూకాక కాసేపు దీపాలు వెలిగించి తీసేస్తున్నారు. చల్లపెట్టెలో మాంసం, కూరలు పాడయ్యాయి. ఆయన గాలం వేసి చేపలు పట్టి వండుతున్నాడు. "నూనె బాకీ ఓనరుది, చీకటి మాది," అన్నాడట. ఆ మాట ఆమె నాకు చెప్పి, "ఎట్ల మాట్లాడుతడో సూడు," అని మురిసింది కూడా.

ఒకనాడు సంత కాని రోజు పొద్దున్నే మా గుమ్మంలో నిలబడింది. వెనక వాళ్ల బావ. చేతిలో గుడ్డమూట.

"సావుకారయ్య జగదల్‌పూర్ వకీలు తానకు పోతుండంట గదా. నేనూ వస్త. ఓడకు జమానత్ ఇస్త."

మా వైపు ఆడవాళ్లకు జమానత్ అంటే, బెయిలంటే, ఏమిటో తెలుసు. పొలం పట్టా కావాలి, హామీ ఉండే మనిషి కావాలి. ఆ రెండూ తెచ్చుకుంది. మామయ్య చెప్పి చూశారు. వినలేదు. నాకు దంతేశ్వరి అమ్మవారి దర్శనం మొక్కు ఉంది గనుక నేనూ బస్సెక్కాను. ఆ బావగారు దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. హామీ మనిషికి మాటలు ఉండకూడదని ఆయనకు ఎవరో చెప్పినట్టుంది.

మామయ్యకు తెలిసిన వకీలు మంచి మనిషి, హిందీ ఆయన. పట్టాను అటూ ఇటూ తిప్పి చూసి, నిందితుడు ఎవరని అడిగారు.

మామయ్య గొంతు సవరించుకొని, "జహాజ్," అన్నారు.

"ఎవరు?"

"జహాజ్, సాబ్. ఓడ."

వకీలు నవ్వారు. పక్క బల్ల దగ్గరి గుమాస్తా కూడా నవ్వాడు. ఆమె మామయ్య వైపు తిరిగి మెల్లగా, "నవ్వనియ్యుండ్రి. నవ్వుడయినంక చెప్పమనుండ్రి," అంది.

ఆ మాట హిందీలో విన్నాక ఆయన నవ్వు ఆపి, ఆమెను కుర్చీలో కూర్చోమన్నారు. ఆమె నేల మీదే కూర్చుంది. ఆయన ఓపికగా చెప్పారు, మామయ్య తెలుగులో చెప్పారు. సముద్రం మీద చట్టం వేరట. ఓడ యజమాని ఏ దేశంలో ఉన్నాడో పట్టుకోలేరు, ఓడ మాత్రం మన నీళ్లలోకి వచ్చింది. అందుకని ఓడ మీదే దావా వేస్తారు, ఓడనే పట్టుకుంటారు. యజమాని వచ్చి బాకీకి తగిన హామీ కోర్టులో పెడితే ఓడను వదులుతారు. రాకపోతే ఓడను అమ్మి, నౌకర్ల జీతాలూ నూనె బాకీలూ తీరుస్తారు. "ఆమె అన్నది తప్పు కాదు, ఓడకూ జమానత్ ఉంటుంది. కాని ఈ పట్టా చాలదమ్మా," అన్నారు.

ఆమె బల్ల మీది పట్టా తీసి మూటలో పెట్టుకుంది.

"అంటే బందెల దొడ్డి," అంది.

మామయ్యకు వెలిగింది. ఎవరి చేలోనో పడి మేసిన పశువును ఊళ్లో దొడ్డిలో కట్టేస్తారు. పశువు గలవాడు వచ్చి నష్టం కట్టి విడిపించుకుంటాడు. వకీలుకు ఆ సంగతి చెబితే, "బిల్కుల్ అదే," అని బల్ల మీద చరిచారు.

"మరి దొడ్ల ఉన్న ఎద్దుకు గడ్డి ఎవలేస్తరు? మా ఊళ్లె కట్టేసినోడే ఏస్తడు. ఎయ్యకుంటె పాపం. ఈడ ఓడల మనుషులున్నరు. వాళ్లు నూనె తాగలే."

ఆయన చట్టం పుస్తకం ఒకటి తీసి తిరగేశారు. తరువాత, "కోర్టును అడగాలి. అడిగితే ఇప్పిస్తారు. అడిగే మనిషి ఉండాలి," అన్నారు. తనతో చదువుకున్న వకీలు ఒకాయన విశాఖలో ఉన్నాడట. మా ముందే ఆయనకు ఫోను చేశారు. చాలాసేపు మాట్లాడారు. ఫీజు అడగలేదు. ఆమె మూటలోంచి చింతపండు ముద్ద తీసి బల్ల మీద పెట్టింది. ఆయన అక్కడే ఒక పిసరు తుంచి నోట్లో వేసుకొని కళ్లు మూసుకున్నారు. ఆయనకు కూడా నేను సాయంత్రాలు దండం పెట్టుకుంటాను.

కొన్నాళ్లకు బూత్‌లో ఫోను మోగింది. ఆమె భర్త గొంతు నాకు అద్దం బయటికే వినిపించింది.

"బియ్యం వచ్చినయే! పప్పు గూడ. మంచినీళ్లు వచ్చినయి, డీజిలు గూడ ఇంత ఇచ్చిన్రు. కోర్టు పంపిందంట!"

"కోర్టు గాదు, నేను పంపిన. దొడ్ల ఎద్దుకు గడ్డి," అంది ఆమె. రిసీవరు పట్టుకొని పగలబడి నవ్వింది. ఆమె అంత నవ్వు నవ్వడం నేను మళ్లీ చూడలేదు. ఆ పూట నాకు ఒక బెల్లంముక్క కొనిపెట్టింది, మా దుకాణంలోనే, డబ్బిచ్చి.

ఆ తరువాత కోర్టు కొంతమందిని దిగి ఇళ్లకు పొమ్మంది. అందరూ దిగడానికి లేదు. నడి నీళ్లలో ఓడను ఒంటరిగా వదిలేస్తే ప్రమాదం గనుక, దీపం పెట్టడానికి, లంగరు చూసుకోవడానికి కొందరు ఉండితీరాలి. ఆయన పేరు దిగేవాళ్లలో వచ్చింది. ఆ సంగతి చెప్పడానికే ఫోను చేశాడు. నేను అద్దం బయట చిల్లర లెక్కపెడుతున్నాను. మాటలు నాకు వినపడుతూనే ఉన్నాయి.

"నన్ను దిగమంటున్నరు. ఉండెటోళ్లకు వండ రాదు. ఒక పెద్దాయనకు కడుపుల పుండు, కారం పడది, మెత్తగ జేసి పెట్టాలె. బదులు భండారీ దొరికినంక పోత అంటె అట్లనే అన్నరు. నువ్వేమంటవ్?"

ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది. అవతల ఆయన, "లైన్ల ఉన్నవా?" అని రెండుసార్లు అడిగాడు.

"వాళ్లకు పెట్టి రా," అంది.

రిసీవరు పెట్టి బయటికి వచ్చి, ఉప్పు తీసుకొని వెళ్లిపోయింది. బల్ల మీద కూర్చోలేదు.

బదులు మనిషి దొరకలేదు. వానలు పట్టాయి. గోదావరి ఎగదన్ని శబరి పొంగింది, రోడ్డు మునిగింది, ఫోన్లు పోయాయి. మళ్లీ లైను వచ్చిన రోజున మొదట మోగిన ఫోను విశాఖ నుంచే. మాట్లాడింది ఆయన కాదు, అక్కడి వకీలు. ఓడలో నిలవ నీళ్లు తాగి అందరికీ జబ్బు చేసిందట, ఆయనకు కామెర్లు ముదిరాయట. ఒడ్డుకు తెచ్చేసరికే ఆలస్యమైంది. ఇటు దారి లేదు, కబురు అందదు. అక్కడే సముద్రం ఒడ్డున దహనం చేశారు. నీళ్లు తీశాక మామయ్యే ఆమె పల్లెకు పోయి ఆ మాట చెప్పి వచ్చారు.

సంత రోజున ఆమె మామూలుగానే వచ్చి బల్ల మీద కూర్చుంది. నేను బూత్ వదిలి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. అంతకుముందు ఎన్నడూ నేను ఆ బల్ల మీద కూర్చోలేదు. ఆమె నా ముఖం చూడలేదు. అద్దం తలుపు వైపు చూస్తూ అడిగింది.

"ఇగ ఫోను రాదా?"

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. సంత ముగిసేదాకా అలాగే కూర్చున్నాం. మామయ్య ఆ పూట మమ్మల్ని ఎవరినీ పిలవనివ్వలేదు.

ఓడ అమ్ముడుపోయిన తరువాత ఆమె కోసం ఒకే ఒక్క ఫోను వచ్చింది. కడుపులో పుండు ఉన్న ఆ పెద్దాయన. కేరళ మనిషి, తన ఊరు చేరి ఫోను చేశాడు. ఆయన హిందీ ఆయనది, ఆమె తెలుగు ఆమెది. మధ్యలో నేను. ఇద్దరం ఆ ఇరుకు బూత్‌లో నిలబడి, రిసీవరుకు చెరొక వైపు చెవి ఆనించాం.

"చివరి రోజుల్లో నిలబడే ఓపిక లేదు చెల్లీ అతనికి. వంటగది గుమ్మంలో స్టూలు వేసుకొని కూర్చొని, నాకు చెప్పి నాచేత వండించేవాడు. నాకు కారం వద్దని తీయించేవాడు. అందరూ తిన్నారా అని అడిగిగాని పడుకునేవాడు కాదు. పడుకోవయ్యా అంటే, మా ఇంటామె అడుగుతుంది, పెట్టావా అని, అనేవాడు."

అది ఆమెకు తెలుగులో చెప్పాను. ఆమె రిసీవరులోకి, తనకు వచ్చిన హిందీలో, ఒకటే అడిగింది. "ఆప్ ఖాయా? మీరు తిన్నరా?" అవతల ఆ పెద్దాయన ఏడవడం నేను విన్నాను.

ఓడ అమ్మిన డబ్బులోంచి ఆయన జీతం వచ్చినప్పుడు ఆమె మొదట కొన్నది ఈ గుండిగ. ఎందుకక్కా ఇంత పెద్దది, ఒక్కదానివే కదా అంటే, "ఉండనీయి," అంది. ఎందుకో ఆ వానాకాలం తెలిసింది. శబరి ఎక్కి రోడ్డు మునిగితే కోంటాకు ఇటు లారీలు వరసగా నిలిచిపోతాయి. డ్రైవర్లు సరుకు వదిలి పోలేరు. ఆమె గుండిగ నిండా జావ కాచి నెత్తిన పెట్టుకొని ఆ వరస వెంట నడిచింది. ఆ ఏడే కాదు, ప్రతి ఏడూ.

"ఏంది బిడ్డ, బండి దిగవా?"

"దిగితే సరుకు పోతది అమ్మా. సేటు చంపుతడు."

"అయితే నువ్వు దొడ్ల పడ్డ ఎద్దువే. పట్టు గిలాస."

పంజాబు వాళ్లూ, తమిళం వాళ్లూ, ఆమె ఏమంటున్నదో తెలియకుండానే నవ్వి గ్లాసు పట్టేవాళ్లు. ఒకసారి ఒక డ్రైవరు డబ్బు ఇవ్వబోతే గరిటె ఎత్తి కొట్టినంత పని చేసింది. ఆ గొడవలోనే గుండిగ కింద పడి సొట్ట పడింది. ఏ బండి ఎప్పటి నుంచి ఆగిందో ఆమెకు అడగకుండానే తెలిసేది. డ్రైవరు గడ్డం చూసి చెప్పేది.

బూత్ తీసేసి ఎన్నాళ్లో అయింది. అక్కడ ఇప్పుడు నూనె డబ్బాలు పెడుతున్నాం. బల్ల మాత్రం ఆమె కోసం ఉంచాను. సంత రోజుల్లో వచ్చి, అదే చోట, వీపు ఆనించకుండా కూర్చునేది. మాట్లాడినా మాట్లాడకపోయినా సరే. ఒక సాయంత్రం నేను దీపం పెట్టి వచ్చేసరికి, చూపు తిప్పకుండా అడిగింది.

"రమ్మంటె వచ్చెటోడు గదా చెల్లె?"

అన్నేళ్లలో ఆ ఒక్కసారే అడిగింది. దేవుడి ఇష్టం అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. దేవుణ్ని నమ్మినదాన్నే అయినా, ఆ మాట ఆమె ముందు పెట్టడానికి నాకు నోరు రాలేదు.

"వచ్చేవాడక్కా," అన్నాను.

ఆమె తల ఊపింది. "వచ్చెటోడు," అని తనూ అనుకుంది. కాసేపటికి, "వచ్చి, అన్నం ముందల కూసుంటె ఆయనకు ముద్ద దిగకపోవు," అంది. లేచి, చింతపండు గుడ్డ దులుపుకొని జీపు కోసం వెళ్లింది. నేను ఆమె మాటకు సంతోషించాలో ఏడవాలో తెలియక దీపం దగ్గరికే తిరిగి పోయాను.

ముత్తయ్య వెళ్లాక గుండిగను బూడిదతో తోమాను. అడుగు మసి ఎంత తోమినా పోలేదు. ఇంకా తోమబుద్ధి కాలేదు. మా కోడలు, "అత్తమ్మా, దీన్ని అటక మీద పెట్టించనా?" అని అడిగింది. వద్దన్నాను. ఆకాశం మబ్బు పట్టి ఉంది. శబరి ఇప్పటికే ఎర్రబడింది. ఇంకొన్నాళ్లకు లారీలు ఆగుతాయి. జావ కాచడం నాకు వచ్చు. ఆ వరస వెంట నడవగలనో లేదో భగవంతుడికి తెలియాలి. ముత్తయ్య జీపు ఇస్తానన్నాడు, కిరాయి లేకుండా.

ఇది చదివేవాళ్లలో సముద్రం ఒడ్డున ఉండేవాళ్లు కూడా ఉంటారు. రేవు బయట ఎంతకాలమైనా కదలకుండా నిలబడిన ఓడ ఎప్పుడైనా మీ కంట పడితే, దాని బాకీ ఎంతో, యజమాని ఎవరో మీరు కనుక్కోనక్కర్లేదు. దాని మీద సాయంత్రం చిన్న దీపం వెలిగితే, అక్కడ ఎవరో ఎవరికో వండుతున్నారని అనుకోండి. ఆ వండే మనిషిని కన్నీళ్లు మింగుకొని పెట్టి రమ్మన్న ఒకామె, ఇక్కడ శబరి ఒడ్డున, మా బల్ల మీద కూర్చునేది. ఆమెను ఒక్కసారి తలచుకోండి. పేరు అక్కర్లేదు. ఆమె అడిగేదే అడగండి, మీ ఇంట్లో, మీరు తినబోయే ముందు. అందరూ తిన్నారా అని.